ఒకట్రెండు చోట్ల వాన

మా నాయనకు వాతావరణం అంటే చిత్తూరు జిల్లాదే. మేముండేది తిరుత్తణికి నాలుగు మైళ్ళ అవతల, తమిళనాడులో. నేను తప్పటడుగులు వేసే వయసులో మా తాలూకాను చిత్తూరు నుంచి తీసి ఇటు కలిపేశారు. బస్సుల మీద అక్షరాలు మారాయి, బడిలో పుస్తకాలు మారాయి, కచేరీలో అర్జీ రాసే భాష మారింది. నాయన చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు కావస్తున్నా రేడియోలో 'రాయలసీమ' అన్న మాట వినబడితే చేతిలో పని ఆపేసేవాడు. మద్రాసు నుంచి తమిళంలో చెప్పేది ఆయన లెక్కలో మద్రాసు వాళ్ళ వాన. కడప నుంచి తెలుగులో చెప్పేదే మన వాన.

మేఘాలకు ఈ సంగతి తెలియదని ఆయనకు చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు. చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. ఆ ఒక్క శనివారం చెప్పనందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది నేతగాళ్ళ వీధి. మగ్గం ఇంటి లోపల ఉంటుంది, నేతపనికి వానతో ఏం సంబంధం అనుకుంటారు తెలియనివాళ్ళు. పడుగు మగ్గమెక్కే ముందు దానికి గంజి పట్టించాలి. అది నాలుగు గోడల మధ్య అయ్యే పని కాదు. వీధి పొడుగునా దారాలను చాపి, కత్తెరగా కట్టిన కర్రల మీద నిలబెట్టి, పలచటి బియ్యపు గంజిలో కాస్త నూనె కలిపి పట్టించి, అటొకరు ఇటొకరు కుంచెలతో దువ్వుకుంటూ పోవాలి. కోడి కూసే వేళకు మొదలుపెడితే లేత ఎండలో ఆరుతూ వస్తుంది. దీన్ని మేమూ తమిళం వాళ్ళలాగే 'పావు' అంటాం. పావు వేయడం ఒక ఇంటి పని కాదు, పది ఇళ్ళ చేతులు కావాలి. ఈరోజు మీ పావుకు మేమొస్తే రేపు మా పావుకు మీరొస్తారు.

గంజి తడి మీద ఉన్నప్పుడు వాన పడిందంటే ఇక అంతే. దారం దారాన్ని పట్టుకుంటుంది. చుట్టి లోపలికి తెద్దామంటే తడిపావు చుట్టడానికి రాదు. ఆరిన తర్వాత చీపురుకట్టలా బిగుసుకుపోతుంది, విడదీయబోతే పుటుక్కున తెగుతుంది. నెలరోజుల బతుకు ఆ దారాల్లో ఉంటుంది. అందుకే తమిళం వాళ్ళ ఐప్పసి, కార్తీక మాసాల్లో, అంటే తుపాన్ల కాలంలో, మా వీధిలో ఎవరు ఎవరికి ఎదురుపడినా ముందు ఆకాశం వైపు చూసి, తర్వాతే మొహం చూసేవాళ్ళు.

పావు ఏ రోజు వేయాలో చెప్పే పెద్దరికం మా నాయనది. వీధిలో మొదటి రేడియో మాదే కావడంతో ఆ పెద్దరికం వచ్చింది. అంతకు ముందు ఆయన కూడా అందరిలాగే చీమల వరుస చూసి, గాలి వాసన చూసి చెప్పేవాడట. రేడియో వచ్చాక ముక్కుకు పని తప్పింది.

ఆ రేడియో చెప్పేదేమిటో ఇప్పటికీ నాకు నోటికొచ్చు. మద్రాసు నుంచి తమిళంలో రోజూ సాయంత్రం ఒకే మాట. ఓరిరు ఇడంగళిల్ మళై పెయ్యలామ్. ఒకట్రెండు చోట్ల వాన పడవచ్చు. ఆషాఢంలో అదే, కార్తీకంలో అదే. పడితే చెప్పాం కదా అనొచ్చు, పడకపోతే ఒకట్రెండు చోట్లనే కదా అన్నాం అనొచ్చు. గోడ మీద పిల్లి కూడా అంత నేర్పుగా కూర్చోదు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల్లో అదీ ఉండేది కాదు. ఎక్కడో నది పొంగి ఊళ్ళు కొట్టుకుపోతే తప్ప అక్కడి వాళ్ళకు దేశంలో ఆకాశం ఒకటి ఉందని గుర్తొచ్చేది కాదు.

"ఆ ఒకట్రెండు చోట్లు యాడుండాయో చూసొచ్చినోడు ఎవుడూ లేడు" అనేవాడు నాయన. వీధంతా నవ్వేది. ఆ మాట మాకు సామెత అయిపోయింది. అప్పు అడిగితే దాటేసే మనిషిని, పిల్లనిస్తామని నానబెట్టే వియ్యంకుణ్ణి 'ఒకట్రెండు చోట్ల' అనేవాళ్ళం.

నాకు తిరువళ్ళూరులో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టు పని దొరికింది, తాత్కాలికంగా. పొద్దున తిరుత్తణిలో రైలెక్కి, చీకటి పడేసరికి తిరిగి వచ్చేదాన్ని. అధికారి బల్ల మీదికి పోయే పేపర్లు ముందు నా బల్ల మీద పడేవి. ఇంగ్లీషుది ఒకటి, తమిళానివి రెండు. పట్టాభిరాం వైపు నుంచి వచ్చే గుమాస్తాలు వచ్చేసరికి నేను మూడింటినీ తిరగేసేదాన్ని. నాకు కావాల్సింది ఒక్కటే, వాన.

తమిళ పేపర్లో వానకు ముందు రెండు లైన్లు, వాన తర్వాత రెండు పేజీలు. మద్రాసు వీధుల్లో మోకాటి లోతు నీళ్ళలో రిక్షా తోసుకుపోతున్న మనిషి ఫొటో ప్రతి ఏడూ పడేది. ఇంగ్లీషు పేపరు కాస్త మర్యాదస్తురాలు. మూలన ఒక పటం, దాని మీద వంకర గీతలు, కింద ఊళ్ళ పట్టిక. ఒకరోజు ఆ పట్టికలో తిరుత్తణి పేరు చూసి నేను పొంగిపోయాను. తర్వాత తెలిసింది, అది నిన్న పడిన వాన కొలత అని. పోయిన వాన సంగతి చుక్కలతో సహా రాసి, రాబోయే వాన సంగతి వచ్చేసరికి నాలుగు జిల్లాలను ఒక మూటగా కట్టేసేవాళ్ళు. చేతులు కాలాక ఆకులు ఎన్ని పట్టుకున్నామో లెక్క రాయడం అన్నమాట.

మా అధికారి తమ్ముడు లండన్‌లో ఉండేవాడు. అక్కడి నుంచి ఒకసారి గోడగడియారం వచ్చింది, అక్కడి పేపర్లో చుట్టి. అధికారి గడియారం తీసుకున్నాడు, నేను కాగితం తీసుకున్నాను. ఆ పేజీలో సగం వాతావరణమే. ఏ ఊళ్ళో ఎన్ని గంటలకు జల్లు మొదలవుతుందో, మధ్యాహ్నానికి ఎటు జరుగుతుందో, సముద్రం ఎప్పుడు పొంగుతుందో, రేపేమిటో, ఎల్లుండేమిటో. మన వైపు జిల్లా అంత లేని చోట్లకు కూడా వేరు వేరుగా రాశారు. నేను దాన్ని ముడతలు సాపు చేసి ఇంటికి తెచ్చి మా అత్తకు చదివి వినిపించాను.

అత్త అంటే మా నాయన చెల్లెలు. పెళ్ళయిన మూడేళ్ళకే మామ పోయాడు. పిల్లలు లేరు. మా ఇంటికి వచ్చి అప్పటికి ఏడెనిమిదేళ్ళు. నాయన లేచిన మగ్గం మీద కూర్చుని నేసేది, ఆయన రాగానే లేచేది. మా వీధిలో అంచు అంత తీరుగా కొట్టే చేయి ఇంకొకటి లేదని మగవాళ్ళు కూడా ఒప్పుకునేవాళ్ళు. నేను ఆ లండన్ కాగితం చదువుతుంటే ఆమె కండెలకు నూలు చుడుతూ వింది.

"అంతా యినినాక వాళ్ళేం చేస్తారు మే?" అంది.

"గొడుగు తీసుకోవాల్నా వద్దా, బట్టలు బయట ఆరేయాల్నా లోపల ఆరేయాల్నా చూసుకుంటారత్తా."

"బట్టలు ఆరేసుకొనేదానికి పేపరా." చాలాసేపు నవ్వింది. తర్వాత రాట్నం తిప్పడం ఆపి, "మన వీధి వానకి ఎవురు రాస్తారు" అంది. అడిగినట్టు కాదు, ఊరికే అంది.  

ఆ ఏడు అత్తకు అదృష్టం పట్టిందనుకున్నాం. నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు ఆమె పేరు మీద నూలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నాయన ఎన్ని నెలలు తిరిగి ఒప్పించాడో నాకు తెలుసు. వెనక వసారాలో గుంట తవ్వి ఆమెకంటూ ఒక మగ్గం వేయించాడు. షరతు ఒక్కటే. ఈ మొదటి పావు చీరలై సొసైటీకి చేరితే ఆమె సభ్యురాలు, తర్వాత నూలు దానంతట అదే వస్తుంది. చేరకపోతే రెండో నూలు లేదు. అప్పుడు ఆమెకున్న దారి శోళవరంలో మరిది ఇల్లు. చెరువు కింద వాళ్ళకు పొలం ఉంది, నాట్లకూ కోతలకూ మనిషి కావాలి, పిలుస్తూనే ఉన్నారు. పేరుకు పిలుపు, నిజానికి కూలి లేని కూలి. అత్తకు ఆ మాట ఎత్తితేనే మొహం నల్లబడేది.

ఇక నా సంగతి. దీనికి రెండు నెలల ముందు నేనొక వెధవ పని చేశాను. ఇంగ్లీషు పేపర్లో భారీ వర్షమని చూసి, పరుగున వచ్చి, ఎదురింటి మామ వాళ్ళ పావు ఆపించాను. గంజి కాచి పెట్టుకున్నారు, పారబోశారు. ఆరోజు కాసిన ఎండ ఏప్రిల్‌లో కూడా కాయలేదు. ఎదురింటి మామ పంచ తలకు చుట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి, "పేపరమ్మా, ఈ వానకి గొడుగు యాడన్నా దొరుకుతాదా?" అన్నాడు. అప్పటి నుంచి వీధిలో నా పేరు పేపరమ్మ. రైలు దిగి వస్తుంటే "పేపరమ్మ వస్తాంది, వడియాలు ఎత్తుకోండి" అనేవాళ్ళు ఆడవాళ్ళు. వాళ్ళకది సరదా. నాకు మాత్రం ఒళ్ళు మండేది. చిన్నప్పటి నుంచీ ఎగతాళి పడని ఒళ్ళు నాది. ఇక జన్మలో వీళ్ళకు వాన మాట చెప్పనని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

అత్త పావు ఆదివారానికి అనుకున్నారు. శుక్రవారం ఆఫీసులో ఇంగ్లీషు పేపరు విప్పాను. బంగాళాఖాతంలో వాయుగుండం. ఆదివారం నాటికి తీరానికి దగ్గరగా వస్తుంది. చెంగల్పట్టు జిల్లాలో భారీ వర్షం పడుతుంది. మూట కట్టలేదు, గోడ మీద కూర్చోలేదు. మా జిల్లా పేరు పెట్టి రాశారు. అప్పట్లో మేము చెంగల్పట్టు జిల్లాలోనే ఉన్నాం, నాయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఆ నాలుగు లైన్లను నేను రెండుసార్లు చదివాను. పేపరు మడిచి అధికారి బల్ల మీద పెట్టాను. రైల్లో వస్తూ ఎలా చెప్పాలా అనుకున్నాను. వీధి మొదట్లోనే ఎదురింటి మామ కనబడి, "ఏం పేపరమ్మా, ఈ వారం ఎన్ని వానలు?" అన్నాడు. పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తల వంచుకుని ఇంట్లోకి వచ్చేశాను.

శనివారం సాయంత్రం నాయన రేడియో ముందు కూర్చున్నాడు. మద్రాసు చెప్పింది, వడతమిళ కడలోర జిల్లాల్లో, అంటే ఉత్తరాన సముద్రం ఒడ్డు జిల్లాల్లో, ఒకట్రెండు చోట్ల గట్టి వాన అని. 'కడలోరం' అన్న మాట దగ్గర నాయన పెదవి విరిచాడు.

"కడలోరమంట. మనకి సముద్రం యాడుండాది?"

ముల్లు తిప్పి కడప పట్టాడు. రాయలసీమలో పొడి వాతావరణం. అది నిజమే, వాళ్ళకు పొడిగానే ఉండింది. ఎవరి వాన వాళ్ళు సరిగ్గానే చెప్పారు. మధ్యలో ఉన్నది మేము. నాయన మొహం విచ్చుకుంది. రేడియో కట్టేసి నా వైపు తిరిగాడు.

"పాపా, పేపర్లో ఏమన్నా రాసినారా?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అడిగాడు. అత్త వంటింటి గుమ్మంలో బియ్యం చేట పట్టుకుని నిలబడి నా మొహం చూస్తోంది. రేపటి గంజికి బియ్యం ఏరుతోంది.

"ఏం రాయలేదు నాయనా" అన్నాను.

ఎందుకన్నాను? నలభై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను. మళ్ళీ ఎండ కాస్తే నా గతేమిటి అన్న భయం కొంత. వాళ్ళకు తగిన శాస్తి జరగాలన్న కక్ష కొంత. పడకపోవచ్చులే అన్న ఆశ కొంత. పేపరు రాసింది నేనే నమ్మలేదేమో అని కూడా సర్దిచెప్పుకున్నాను. కానీ నమ్మాను. నమ్మే చెప్పలేదు.

పావు వేసేముందు ఒక పద్ధతి ఉంది. పావు ఎవరిదో వాళ్ళు దాని తల దగ్గర కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించాలి. అత్త ముండమోసిన మనిషి కాబట్టి ఆమె బదులు మా అమ్మ వెలిగిస్తుందనే అందరూ అనుకున్నారు. అత్త కూడా అలాగే అనుకుని వెనక నిలబడింది. నాయన కర్పూరం బిళ్ళ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"పావు నీది. నువ్వే ఎలిగించు మే."

వీధి చివరింటి ముసలామె, "వద్దు నాయనా, ఆచారం ఉండాది కదా" అంది. నాయన వినలేదు. ఆయన జీవితంలో చేసిన మంచి పనుల్లో అది ఒకటి. అత్త గీసిన మొదటి పుల్ల ఆరిపోయింది. రెండో పుల్లకు వెలిగింది. ఆమె మొహాన్ని ఆ వెలుతురులో నేను చూశాను. ఏడెనిమిదేళ్ళ తర్వాత తన పేరు మీద ఒక పని మొదలుపెట్టిన మనిషి మొహం అది. నాకు అప్పుడు చెప్పాలనిపించింది. అప్పుడైనా చెప్పి ఉంటే నూలు దక్కేది, గంజి ఇంకా పట్టించలేదు.  కానీ కుంచె తీసుకుని నా వరసలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఎరుపు పడుగు, నలుపు అంచులు. తెల్లవారేసరికి గంజి పట్టించడం అయింది. దువ్వుతున్నాం. ఏడు దాటాక తూర్పు గాలి తిరిగింది. నాయన తల ఎత్తి చూసి, మళ్ళీ కుంచె ఆడించాడు. కొంతసేపటికి తిరుత్తణి కొండ మబ్బులో కనబడకుండా పోయింది. మొదటి చినుకు నా చేతి మీదే పడింది.

ఆ తర్వాత పది నిమిషాలు ఎవరు ఏం చేశారో చెప్పలేను. మగవాళ్ళు పంచలు విప్పి పావు మీద పట్టారు. ఆడవాళ్ళు చాపలు, దుప్పట్లు, కట్టుకున్న చీరల కొంగులు పట్టారు. ఎదురింటి మామ తన ఇంటి తలుపు రెక్క ఊడదీసుకుని వచ్చి నెత్తిన పెట్టుకుని నిలబడ్డాడు. అంత పొడుగు వీధికి ఎన్ని పంచలు చాలుతాయి? గాలికి కత్తెర కర్రలు పక్కకు పడ్డాయి. పావు బురదలో కూర్చుంది. ఎరుపు దిగి కాలవ కట్టింది. అత్త పరిగెత్తలేదు, అరవలేదు. మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో ఎన్ని దారాలు పట్టుకోగలదో అన్ని ఎత్తి పట్టుకుంది. ఆ పిడికెడు దారాలను వాన వెలిసేదాకా వదల్లేదు.

మా వసారాలో అందరూ తడిసి నిలబడి ఉన్నప్పుడు నాయన అన్నాడు, "రేడియోలో పొడి అనే చెప్పినాడే. పేపర్లో కూడా ఏం రాయలేదే" అని. చెల్లెలికి ధైర్యం చెబుదామని, తప్పు ఎవరిదీ కాదని చెబుదామని అన్నాడు పాపం. చివరింటి ముసలామె ఆ మాటనే అందుకుంది.

"అదే కదా నేనూ చెప్తా ఉండేది. రేడియోలో లేదు, పేపర్లో లేదు. లేని వాన యాడ్నించి వచ్చె? ఆ చేత్తో ఎలిగించొద్దంటే యినినారా?"

 నా పక్కనే అత్త నిలబడి ఉంది. కొంగు పిండుతున్న చేతులు ఆగిపోయాయి. నేను నోరు తెరిస్తే చాలు. వాన రాసిపెట్టే ఉంది, శుక్రవారమే అచ్చయింది, మన జిల్లా పేరుతో అచ్చయింది, అది నీ చేతి వాన కాదత్తా అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాటకు వెనకే ఇంకో ప్రశ్న వస్తుంది. మరి నువ్వెందుకు చెప్పలేదు అని. నేను తల తుడుచుకోవడానికి తువ్వాలు వెతుక్కుంటూ లోపలికి వెళ్ళాను.

సోమవారం ఆఫీసుకు పోయాను. తమిళ పేపర్లో మద్రాసు నీళ్ళు, రిక్షా, రెండు పేజీలు. ఇంగ్లీషు పేపర్లో పట్టిక. తిరుత్తణి ఎదురుగా వాన కొలత ఉంది. అంత పెద్ద అంకె ఆ పట్టికలో మా ఊరికి నేను ఎప్పుడూ చూడలేదు. శుక్రవారం పేపరు పాత కాగితాల దొంతరలో ఇంకా ఉంది. దాన్ని చేతి సంచిలో పెట్టుకున్నాను, మళ్ళీ తీసేశాను. మర్నాడూ అంతే. నెలాఖరుకు పాత పేపర్ల వాడు తక్కెడ వేసి అన్నింటినీ తీసుకుపోయాడు. వాడు వెళ్ళాక నాకు తేలికగా అనిపించింది. ఆ తేలికను తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

అత్త పది రోజులు ఆ పావును విడదీయాలని చూసింది. ఒక్కో దారం నోటితో తడిచేసి లాగేది. తెగేది. ముడి వేసేది. ఇంకోటి తెగేది. సొసైటీ మనిషి వచ్చి చూసి, చెప్పులు వేసుకుంటూ "పరవాల్లేదమ్మా, కాలం వస్తాది" అన్నాడు. అదీ ఒకట్రెండు చోట్ల లాంటి మాటే. కార్తీకం పోయేలోపే శోళవరం నుంచి మరిది వచ్చి ఆమెను తీసుకుపోయాడు. పెట్టె నేనే బస్సు మీదికి ఎక్కించాను. "అన్నని చూసుకో మే" అంది బస్సెక్కుతూ.

నాయన రేడియో మానలేదు. పైగా పిచ్చి ముదిరింది. కడప, మద్రాసు, ఢిల్లీ, అర్థం కాని భాషల్లో దూరపు స్టేషన్లు కూడా తిప్పుతూ ఉండేవాడు. ఎక్కడో ఎవడో మా వీధి పేరు చెబుతాడేమో అన్నట్టు. వీధి మాత్రం ఆయన్ని అడగడం మానేసింది. ఎనభైల్లో పంచాయతీ ఆఫీసుకు టీవీ వచ్చింది. వార్తల చివర ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, ఈ నాలుగు ఊళ్ళ వేడి చెప్పేవాళ్ళు, నలుగురు షావుకార్లకు జ్వరం చూసినట్టు. తర్వాత ఆకాశం మీది నుంచి తీసిన మేఘాల ఫొటో చూపించడం మొదలైంది. నాయన తెర దగ్గరికి పోయి, కళ్ళద్దాలు సర్దుకుని, "ఇందులో మనం యాడుండాము పాపా?" అని అడిగాడు. తెల్లటి మసక మీద వేలు పెట్టబోయాను. అంతలో బొమ్మ మారిపోయింది.

నాయన పోయిన మరుసటి ఏడు నేను శోళవరం వెళ్ళాను. అప్పటికి నాకు పెళ్ళయింది, ఉద్యోగం ఖాయమైంది, నెత్తిన రెండు తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఇక నిజం చెప్పినందుకు నన్ను తిట్టేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందుకే ధైర్యం వచ్చిందని నాకూ తెలుసు. అత్త వసారాలో కూర్చుని ఉంది. దారం ముడి కంటికి కనబడకుండా వేసిన ఆ వేళ్ళు నాట్లు వేసి వేసి పగిలిపోయాయి, గోళ్ళలో బురద దిగిపోయింది. ముందున్న తారు రోడ్డు మీద మరిది కోడళ్ళు వడ్లు ఆరబోస్తున్నారు.

అన్నీ చెప్పాను. శుక్రవారం పేపరు, జిల్లా పేరు, నాయన అడగడం, నేను లేదనడం. ఎక్కడా దాచలేదు. చెబుతూ ఏడ్చాను. ఆమె కోపగించుకుంటుందనుకున్నాను. కొడుతుందేమో అని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని ఉండింది.

అత్త నా తల నిమిరింది.

"నన్ను ఓదార్చేదానికి ఇంత కత అల్లినావా మే."

"కత కాదత్తా. నా కళ్ళతో చదివినా."

"పేపరోళ్ళు ఏందో ఒకటి రాస్తానే ఉంటారు లే. వాళ్ళు ఎన్నడన్నా మన వాన సరిగ్గా చెప్పినారా? మీ నాయన ఎన్నేండ్లు యినినాడు, ఒక్క రోజన్నా చెప్పినారా? ఆ పొద్దు మాత్రం చెప్పినారంటే ఎట్ల నమ్మేది?" అని ఆగి, ఎంతో మామూలుగా అంది, "అది నా చెయ్యే మే. నాకు తెలుసు."

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాను. తూర్పున కాస్త మబ్బు పట్టినట్టుంది. రోడ్డు మీద కోడలు ఒకతి పార ఆపి ఆకాశం వైపు చూసింది. అంతే, ఇటు తిరిగి చూడను కూడా లేదు. అత్త మోకాలి మీద చేయి ఆనించి లేచింది. వడ్లు ఎత్తేదాకా తను బయట ఉండకూడదని నాకు చెప్పి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.